పాత స్విఫ్ట్‌కి ముందు బ్రేకులు మార్పించాను: ఏది పని చేసింది, ఏది దండగ

ముందు లెక్క చెప్పేస్తాను. మాది 2009 స్విఫ్ట్, 1.3 లీటర్ల పెట్రోలు, వీఎక్స్ఐ మోడల్, ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రం లాక్ అవకుండా చూసే ఏర్పాటు) లేని బండి. ముందు చక్రాలకి కొత్త డిస్కులు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేలు), వాటిని నొక్కి ఆపే కొత్త ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్ వెళ్లే రబ్బరు హోసులు వేయించి, ప్యాడ్లని పట్టి నొక్కే కాలిపర్లు విప్పి సర్వీసు చేయించి, బ్రేక్ ఆయిల్ మొత్తం మార్పించాను. ఇదంతా విజయవాడ ఆటోనగర్‌లో ఒక చిన్న షెడ్డులో. లేబరుతో సహా పదిహేను వేల లోపే తేలింది. ఐదుకి నాలుగు నక్షత్రాలు ఇస్తాను, ఆ ఒక్కటీ ఎందుకు తగ్గించానో కింద వస్తుంది. కానీ ఇది రాయడానికి అసలు కారణం నక్షత్రాలు కాదు. ఖర్చులో పెద్ద భాగం డిస్కులకి పోయింది, బ్రేకులో వచ్చిన మార్పులో పెద్ద భాగం మాత్రం వాటి వల్ల రాలేదు. ఇది ఊహ కాదు, దేని వల్ల ఎంత వచ్చిందో నాకు విడివిడిగా తెలిసింది, ఎందుకంటే డిస్కులు రావడం ఆలస్యమై పని రెండు విడతలుగా జరిగింది.

బండికి ఉన్న జబ్బులు రెండు. ఒకటి, హైవే మీద ఎనభై తొంభైలో వెళ్తూ బ్రేకు వేస్తే స్టీరింగ్ అదిరేది. గుంటూరు వైపు వెళ్తుంటే కాజ టోల్‌ప్లాజా ముందు వేగం తగ్గించేటప్పుడు బాగా తెలిసేది, పక్కన కూర్చున్న మా ఆవిడకి కూడా డాష్‌బోర్డు వణుకు కనపడేది. రెండోది, పెడల్ చాలా లోపలికి వెళ్లాక గానీ బ్రేకు పట్టేది కాదు. ఊళ్లో బెంజ్ సర్కిల్ దగ్గరో వన్‌టౌన్‌లోనో తిరిగినంత సేపు ఇది ఎవరికీ పట్టదు, కాలు దానికి అలవాటు పడిపోతుంది. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు మాత్రం గుండెల్లో రాయి పడుతుంది.

ఎవరిని అడిగినా మొదట వచ్చే సలహా "డిస్కులు వంకర పోయాయి, మార్చేయండి". డిస్కు అంత తేలిగ్గా వంకర పోదు. చాలా సార్లు జరిగేది ఏమిటంటే ప్యాడ్ మెటీరియల్ డిస్కు మీద ఒక చోట దట్టంగా, ఒక చోట పలచగా అంటుకుంటుంది, లేదా డిస్కు ఒక పక్క ఎక్కువ అరిగి మందంలో తేడా వస్తుంది, లేదా హబ్ (డిస్కూ చక్రమూ బిగించే మధ్య భాగం) మీద తుప్పు పేరుకుని డిస్కు దాని మీద సరిగ్గా కూర్చోదు. మిల్లీమీటర్లో పదో వంతు తేడా వచ్చినా చాలు, స్టీరింగ్‌లో అదురు తెలుస్తుంది. చివరి కారణమైతే కొత్త డిస్కు వేసినా అదురు పోదు, ఎందుకంటే తుప్పు హబ్ మీద ఉంది. నేను మొదట వెళ్లిన షోరూం లాంటి ఒక గ్యారేజీలో ఈ మాట అడిగితే అక్కడి అడ్వైజర్ "సార్, మీరు యూట్యూబ్ ఎక్కువ చూస్తున్నారు" అన్నాడు. దండం పెట్టి వచ్చేశాను.

ఇలాంటి పాత చిన్న కారుకి ముందు బ్రేకులు బాగు చేయించాలంటే ఉన్న దారులు ఏమిటో చెప్తాను, ఇక్కడే జనం ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటారు కాబట్టి.

అన్నిటికన్నా చవక, ఉన్న డిస్కుల్ని లేత్ మీద టర్నింగ్ కొట్టించడం, అంటే పైపొర చెక్కించి నున్నగా చేయించడం. ఆటోనగర్‌లో అడుగుకో లేత్ ఉంటుంది కాబట్టి దీనికి పెద్ద ఖర్చు లేదు. కాకపోతే ప్రతి డిస్కుకీ కనీస మందం ఒకటి ఉంటుంది, అది డిస్కు అంచు మీదో మధ్య గుండ్రం మీదో అచ్చు వేసి ఉంటుంది. టర్నింగ్ కొట్టాక మందం దాని కంటే తగ్గితే ఆ డిస్కు పనికిరాదు. పలచని డిస్కు వేడిని దాచుకోలేదు, తొందరగా కాలిపోయి మళ్లీ అదురు మొదలవుతుంది. మా బండి డిస్కులు అప్పటికే ఆ గీత దగ్గరికి వచ్చేశాయి. మందం కొలిచే వెర్నియర్ పెట్టి చూపించాడు మేస్త్రి, ఆ దారి అక్కడితో మూసుకుపోయింది.

రెండో దారి కంపెనీ ఇచ్చిన సైజులోనే మంచి డిస్కులు వేయడం. నేను తీసుకున్నది ఇదే.

మూడోది కుర్రాళ్లకి బాగా ఇష్టమైనది, చిల్లులు పెట్టిన డిస్కులు, గాట్లు పెట్టిన డిస్కులు. చూడ్డానికి రేసు కారులా ఉంటాయి, అల్లాయ్ వీల్ సందుల్లోంచి మెరుస్తాయి. ఆ చిల్లులు పూర్వం ప్యాడ్లు వేడెక్కినప్పుడు వచ్చే గ్యాసు బయటికి పోవడానికి పెట్టేవారు, ఇప్పటి ప్యాడ్లకి ఆ గొడవ దాదాపు లేదు. పైగా చిల్లు పెట్టిన చోట ఇనుము పోయింది, అంటే వేడిని పట్టుకునే బరువు ఆ మేరకు తగ్గింది, బాగా కాగి చల్లారే బండికి ఆ చిల్లుల అంచుల నుంచే పగుళ్లు మొదలవుతాయి. మన స్విఫ్ట్ ముందు డిస్కు ఎలాగూ వెంటిలేటెడ్, రెండు పలకల మధ్య గాలి తిరగడానికి సందులు దాంట్లోనే ఉన్నాయి. ఊరూ పేరూ లేని కంపెనీ చిల్లుల డిస్కు కంటే పేరున్న కంపెనీ నున్నటి డిస్కు నూరు పాళ్లు నయం.

నాలుగోది ఇంకా పెద్ద వేషం. కొత్త మోడల్ నుంచో పెద్ద కారు నుంచో పెద్ద సైజు డిస్కు, దాని కాలిపర్, బ్రాకెట్టు తెచ్చి అమర్చడం. చేసేవాళ్లు ఉన్నారు, బాగా చేసేవాళ్లూ ఉన్నారు. డిస్కు పెద్దదైతే ప్యాడ్ పట్టే చోటు చక్రం మధ్య నుంచి దూరంగా జరుగుతుంది, అదే కాలి ఒత్తిడికి ఎక్కువ బలం వస్తుంది, ఎక్కువ ఇనుము కాబట్టి వేడినీ ఎక్కువ తట్టుకుంటుంది. ఇదంతా నిజమే. కానీ చివరికి బండిని ఆపేది టైరుకీ రోడ్డుకీ ఉన్న పట్టు. మీ బ్రేకు ఇప్పుడే గట్టిగా తొక్కితే చక్రం లాక్ చేయగలిగితే, దాని కంటే బలమైన బ్రేకు పెట్టినా బండి ఇంకా ముందుగా ఆగదు. ఏబీఎస్ లేని బండిలో అయితే అది మనకే ఎదురు తిరుగుతుంది, కాలు కొంచెం గట్టిగా పడేసరికి ముందు చక్రాలు జారిపోతాయి, చక్రం జారుతుంటే స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు, మా బండి దానికి పదేళ్ల ముందుది. ముందు వెనక చక్రాల మధ్య బ్రేకు ఎంత పంచుకోవాలో కంపెనీ వాళ్లు లెక్క కట్టి పెట్టారు, ముందు ఒక్కటే మార్చితే ఆ లెక్క చెడుతుంది. పద్నాలుగు అంగుళాల రిమ్ములో పెద్ద కాలిపర్ తగలకుండా పడుతుందా అన్నది ఇంకో తలనొప్పి, పడకపోతే రిమ్ములు, టైర్లు కూడా మార్చాలి. అప్పటికి బిల్లు బండి రీసేల్ ధరలో మూడో వంతుకి చేరుతుంది.

ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఒకటుంది, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదని. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. మా బండికి ఒకసారి ఆ యోగం అయిపోయింది, మళ్లీ వస్తుంది. అదే సైజు డిస్కు, అదే సైజు ప్యాడ్ అయితే ఏ ప్రశ్నా లేదు. చక్రం వెనక వేరే కారు బ్రాకెట్టుకి వెల్డింగు కనపడితే ఇన్‌స్పెక్టర్‌కి సమాధానం మీరే చెప్పుకోవాలి.

సరే, పని సంగతి. ఆటోనగర్ తెలియని వాళ్లకి చెప్తే, అక్కడ లారీ ఛాసిస్ దగ్గర నుంచి బుల్లెట్ బండి నట్టు దాకా దొరకనిది లేదు, చేయలేనిదీ లేదు, సమస్యల్లా ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్నదే. నేను వెళ్లిన షెడ్డు మేస్త్రి యాభై దాటినాయన, కార్లు మాత్రమే చేస్తాడు, అందులోనూ బ్రేకులు సస్పెన్షనే ఎక్కువ. మొదట బండిని ఒక రౌండు తోలి వచ్చి నేను ఊహించని మాట చెప్పాడు. "ముందు బ్రేకుల సంగతి తర్వాత చూద్దాం బాబూ, నీ పెడల్ కిందకి పోయేది వెనక డ్రమ్ముల వల్ల. వాటిని విప్పి ఎన్నాళ్లయింది?" నా దగ్గర సమాధానం లేదు. షోరూం సర్వీసు షీట్లలో ప్రతిసారీ "బ్రేక్ క్లీనింగ్" అని డబ్బులు వేసి ఉన్నాయి గానీ, డ్రమ్ములు విప్పితే లోపల దుమ్ము అట్టలు కట్టి ఉంది.

డ్రమ్ బ్రేకు అంటే చక్రంతో తిరిగే గుండ్రటి డబ్బా, లోపలి నుంచి దాన్ని నొక్కే షూలు. షూ అరిగే కొద్దీ దాన్ని డ్రమ్ము దగ్గరికి జరపడానికి లోపల అడ్జస్టరు ఉంటుంది. అది దానంతటదే జరగాలి, దుమ్ము పట్టి ఇరుక్కుపోతే జరగదు. అప్పుడు ప్రతిసారీ పెడల్ తొక్కినప్పుడు ఆయిల్ ముందు ఆ ఖాళీ నింపడానికి పోతుంది, ఆ తర్వాతే బ్రేకు మొదలవుతుంది. పెడల్ లోపలికి పోవడం అంటే ఇదే, దానికీ ముందు డిస్కులకీ సంబంధం లేదు. హ్యాండ్ బ్రేకు కూడా చాలా నొక్కులు పైకి లాగితే గానీ పట్టకపోవడానికి ఇదీ ఒక కారణం. డ్రమ్ములు శుభ్రం చేసి, అడ్జస్టర్లు కదిలించి, షూలు దగ్గరికి తెచ్చాక పెడల్ అప్పటికప్పుడే పైకి వచ్చింది. మాస్కు కట్టుకుని, తడిగుడ్డతో తుడవమని కుర్రాడికి నేను చెప్పాల్సి వచ్చింది. గాలి పైపు పెట్టి ఊదేస్తున్నాడు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

తర్వాత బ్రేక్ ఆయిల్. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే పాత కారు బ్రేకులో అందరూ మర్చిపోయేది ఇదే, ఖర్చు నాలుగైదు వందలు కూడా కాదు. బ్రేక్ ఆయిల్ నిజానికి నూనె కాదు, గ్లైకాల్ జాతి ద్రవం, గాలిలో తేమని పీల్చుకుంటుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా చెమ్మగిల్లినట్టు, మూత బిగించి ఉన్నా, రబ్బరు హోసుల గుండా కూడా కొంచెం కొంచెం నీరు చేరుతుంది. బ్రేక్ ఆయిల్ గ్రేడుల్ని డాట్ నంబర్లతో చెప్తారు. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, నీరు చేరాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. డాట్ 4 అయితే కొత్తది 230, తేమ పట్టింది 155. డాట్ 5.1 కొత్తది 260, తేమ పట్టింది 180. ఘాట్ దిగేటప్పుడు కాలిపర్ దగ్గర వేడి పెరిగి ఆయిల్‌లో నీరు ఆవిరైందంటే, ఆవిరి నొక్కితే నొక్కుకుపోతుంది, ద్రవంలా ఒత్తిడిని చక్రానికి చేర్చదు. పెడల్ నేలకి అంటుతుంది, బండి ఆగదు. దాన్నే జనం "బ్రేకు ఫెయిల్" అంటారు. చల్లారాక మళ్లీ బాగానే ఉంటుంది, అందుకే తర్వాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే "ఏం లేదు సార్, బాగానే ఉంది" అంటాడు.

రెండేళ్లకోసారి మార్చాలి. "నల్లగా లేదు కదా, ఇంకా బాగుంది" అన్న మాట నేను చాలా చోట్ల విన్నాను, రంగు చూసి నీళ్లు ఎంత ఉన్నాయో తెలియదు. ఈ మేస్త్రి దగ్గర ఆయిల్‌లో నీరు ఎంతుందో చూపే టెస్టరు పెన్ను ఉంది, పెట్టగానే ఎర్ర లైటు వెలిగింది. డాట్ 4 పోయించాను, మూత మీద డాట్ 3 అని రాసి ఉన్నా డాట్ 4 పోయవచ్చు, రెండూ ఒకే జాతి. డాట్ 5 మాత్రం సిలికాన్‌ది, పేరులో నంబరు పెద్దది కదా అని అది పోస్తే కొంప మునుగుతుంది. 5 వేరు, 5.1 వేరు. సీసా మూత తీసి చాలా రోజులైన ఆయిల్ పోయనివ్వకండి, సీలు మీ ముందే తీయించండి. ఒంటి మీద పడితే కడుక్కోవచ్చు గానీ బండి పెయింటు మీద పడితే వెంటనే నీళ్లు కొట్టాలి, లేకపోతే రంగు ఊడొస్తుంది.

ఇక్కడితో మొదటి విడత. డిస్కులు ఇంకా రాలేదు, పాత డిస్కులు పాత ప్యాడ్లతోనే బండి తీసుకెళ్లమన్నాడు. స్టీరింగ్ అదురు అలాగే ఉంది, కానీ పెడల్ వేరే బండిదిలా ఉంది. కాలు పెట్టగానే పైనే పడుతోంది, గట్టిగా ఉంది. అప్పటిదాకా అయిన ఖర్చు లేబరు కలిపి రెండు వేలు కూడా కాదు. బ్రేకులు బాగాలేవు, పెద్ద డిస్కులు వేయిద్దాం అనుకునే చాలామందికి ఆపాటితోనే సరిపోతుందని నా అభిప్రాయం.

డిస్కులు బ్రెంబో, కంపెనీ సైజువే, నున్నటివి. రెండూ కలిపి ఆరు వేల చిల్లర పడ్డాయి. ఇటలీ కంపెనీ, మన దేశంలో పుణె వైపు ఫ్యాక్టరీ కూడా ఉంది. మారుతి జెన్యూన్ డిస్కులు వేసినా నష్టమేమీ లేదు, ధరలో పెద్ద తేడా లేకపోవడంతో ఇవి తీసుకున్నాను. ఎవరిది కొన్నా ఛాసిస్ నంబరు చెప్పి పార్టు నంబరు సరి చూసుకుని కొనండి, పెట్రోలుకీ డీజిలుకీ, ఏడాదికీ ఏడాదికీ తేడాలుంటాయి, "స్విఫ్ట్ కదా, అన్నీ ఒకటే" అనే కౌంటర్ మీద ఉండేవాళ్ల మాట నమ్మకండి. బిల్లు తీసుకోండి. బ్రేకు సామాన్లలో డూప్లికేట్లు బజారు నిండా ఉన్నాయి, పెట్టె ఒకటి లోపల సరుకు ఒకటి. డిస్కుని చేతిలో పట్టుకుంటేనే బరువులో తేడా తెలుస్తుంది.

ప్యాడ్ల కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకంటే ప్యాడ్ల విషయంలో పేరు కన్నా దాని వెనక అచ్చు వేసిన రెండు అక్షరాలు చూడాలి. ఎఫ్ఎఫ్, జీజీ, ఈఎఫ్ ఇలా ఉంటాయి. మొదటి అక్షరం చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడెక్కాక పట్టు. 'ఈ' అన్న అక్షరం ఉంటే ఘర్షణ గుణకం (పట్టు ఎంతో చెప్పే అంకె) 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. అక్షరం పెద్దదైతే మంచిదని కాదు, ఏబీఎస్ లేని టన్ను బండికి ఎఫ్ఎఫ్ చాలు. వేడెక్కాక అక్షరం పడిపోయే ప్యాడ్ మాత్రం ఘాట్ రోడ్డుకి పనికిరాదు. చెన్నై బ్రేక్స్ ఇండియా వాళ్ల టీవీఎస్ గిర్లింగ్ పేరు పాత మేస్త్రీల నోట్లో ఇంకా నలుగుతూనే ఉంది, ఈయన కూడా మొదట అదే అడిగాడు. నేను తెచ్చింది సెమీ మెటాలిక్ (లోహం కలిసిన) ఎఫ్ఎఫ్ ప్యాడ్లు, మూడు వేల లోపు.

బిగించే పని ఈయన చేసిన పద్ధతి చూసి ముచ్చటేసింది. పాత డిస్కు తీశాక హబ్ ముఖం వైరు బ్రష్‌తో మెరిసేదాకా రుద్దాడు, తుప్పు పొర రాలింది. నేను పైన చెప్పిన గొడవ ఇక్కడే తీరింది. కొత్త డిస్కు మీద కంపెనీ రాసే తుప్పు నివారణ పూత ఏ రకమో పెట్టె మీద చదివి, బ్రేక్ క్లీనర్‌తో తుడిచాడు. నూనె పూత తుడవకుండా బిగిస్తే అది ప్యాడ్లు పీల్చుకుంటాయి, తర్వాత ఎన్ని చేసినా ఆ ప్యాడ్లు పట్టవు. డిస్కు బిగించి, తిరిగేటప్పుడు అది ఎంత ఊగుతుందో చూపే డయల్ గేజి పెట్టి తిప్పి చూశాడు. ఆటోనగర్ షెడ్డులో డయల్ గేజి చూడ్డం నాకు ఇదే మొదలు. కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్నులు బయటికి లాగితే ఎడమ చక్రానిది ఒకటి ఎండిపోయి కదలడం లేదు. అది ఇరుక్కుంటే ఒక పక్క ప్యాడే పని చేస్తుంది, లోపలి ప్యాడ్ అరిగి బయటిది కొత్తగా ఉంటుంది, మా పాత ప్యాడ్లు సరిగ్గా అలాగే అరిగి ఉన్నాయి. పిన్ను రుద్ది, సిలికాన్ గ్రీజు పూసి, రబ్బరు బూట్లు కొత్తవి వేశాడు. మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బిపోతుంది, ఇది అడిగి తెలుసుకోండి. పదిహేనేళ్లు దాటిన రబ్బరు హోసులు పైకి బాగానే ఉన్నా వంచితే పగుళ్లు కనపడ్డాయి, అవీ మార్చాం. స్టీలు అల్లిక హోసులు వేస్తారా అని అడిగాడు. పెడల్ ఇంకొంచెం గట్టిగా ఉంటుంది, కానీ ఊళ్లో తిరిగే బండికి కొత్త రబ్బరు చాలు.

ఇప్పుడు ఆ తగ్గించిన నక్షత్రం. చక్రాలు బిగించేటప్పుడు కుర్రాడు గాలి గన్నుతో నట్లన్నీ టకటకా బిగించేశాడు. టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచి) ఉందా అంటే నవ్వాడు. నట్లు ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ బిగిస్తే కొత్త డిస్కు మళ్లీ అదే అదురు తెచ్చుకుంటుంది. అంత జాగ్రత్తగా డయల్ గేజి పెట్టిన షెడ్డులో ఈ చివరి పని ఇలా చేయడం నాకు అర్థం కాలేదు. ఇంటికొచ్చి నట్లన్నీ వదులు చేసి, మాన్యువల్ చూసి, ఎదురెదురుగా ఒక్కోటి నేనే బిగించుకున్నాను. ఇంకోటి, చెప్పిన టైముకి బండి రాదు, మధ్యాహ్నం అంటే సాయంత్రం. ఆటోనగర్ అంటే అది మామూలే గానీ, రివ్యూ కాబట్టి రాస్తున్నాను.

కొత్త ప్యాడ్లు కొత్త డిస్కుకి పట్టించడం గురించి ఆయనే చెప్పి పంపాడు. రాత్రి రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు అరవై దాకా వెళ్లి, గట్టిగానే కానీ లాక్ అవకుండా బ్రేకు వేసి, పది దాకా తగ్గించి వదిలేసి మళ్లీ అరవై. ఇలా కొన్నిసార్లు, మధ్యలో పూర్తిగా ఆపకూడదు. తర్వాత బ్రేకు ముట్టుకోకుండా కొంత దూరం తోలి చల్లారనివ్వాలి. కాగి ఉన్న డిస్కు మీద ప్యాడ్ నొక్కి నిలబెడితే ఆ చోట మెటీరియల్ అచ్చు పడుతుంది, అదురు మళ్లీ అక్కడి నుంచే పుడుతుంది. సిగ్నల్ దగ్గర ఆగాల్సి వస్తే బ్రేకు వదిలి హ్యాండ్ బ్రేకు వేయండి, అది వెనక చక్రాలది. బయటికి వచ్చే కాలిన వాసనకి భయపడక్కర్లేదు, మొదటిసారి వస్తుంది.

ఫలితం. అదురు పూర్తిగా పోయింది. కాజ టోల్ దగ్గర నూరు నుంచి కూడా స్టీరింగ్ కదలకుండా ఆగుతోంది. అసలు పరీక్ష శ్రీశైలమే కాబట్టి వినుకొండ, దోర్నాల మీదుగా వెళ్లాం, నలుగురు పెద్దవాళ్లం, ఒక పిల్లాడు, సామాను. పొద్దున్నే గేటు తీసే సమయానికి దోర్నాల చేరాలి, రాత్రిళ్లు ఆ అడవి రోడ్డు మూసేస్తారు. తిరుగు ప్రయాణంలో దిగేటప్పుడు చూశాను. ఒక లెక్క చెప్తే ఘాట్‌లో బ్రేకుకి ఏం జరుగుతుందో అర్థమవుతుంది. మనుషులతో కలిపి 1,300 కిలోల బండి 300 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు 38 లక్షల జౌళ్లు. అదే బండి ఎనభై వేగం నుంచి ఒకసారి ఆగితే పోయేది దాదాపు 3 లక్షల 20 వేల జౌళ్లు. అంటే ఆ దిగుడు, పూర్తిగా బ్రేకు మీదే దిగితే, ఎనభై నుంచి వరసగా డజను సార్లు ఆపినంత పని. అందులో ఎక్కువ భాగం ముందు చక్రాలదే. అందుకే ఏ డిస్కు వేసినా రెండో గేరులో దిగాలి, ఆ శక్తిలో కొంత ఇంజను తింటుంది. పెట్రోలు ఆదా అవుతుందని న్యూట్రల్‌లో దిగేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే పెట్రోలు ఇంజెక్ట్ చేయడమే ఆపేస్తాయి, న్యూట్రల్‌లోనే ఎక్కువ తాగుతుంది.

రెండో గేరులో దిగుతూ మలుపుల ముందు మాత్రమే బ్రేకు వేశాను. పెడల్ చివరిదాకా అదే ఎత్తులో ఉంది, ఎక్కడా కిందికి జారలేదు. కింద చదునులోకి వచ్చాక ఆపి దగ్గరికి వెళ్లి చూస్తే వేడి ఉంది గానీ కమురు వాసన లేదు. ఇంతకు ముందు అదే చోట వచ్చేది.

బాగా లేనివీ రాయాలి. సెమీ మెటాలిక్ ప్యాడ్లు కాబట్టి పొద్దున్న బండి తీయగానే మొదటి ఒకటి రెండు బ్రేకులకి కీచుమంటుంది, తర్వాత ఉండదు. రిమ్ముల మీద నల్ల పొడి త్వరగా చేరుతోంది, తెల్ల బండికి వెండి రంగు రిమ్ములు ఉన్నవాళ్లకి చిరాకు. అది నచ్చని వాళ్లు సిరామిక్ ప్యాడ్లు చూసుకోవచ్చు, పొడి తక్కువ, శబ్దం తక్కువ, ధర ఎక్కువ. వాన కురిసిన మర్నాడు డిస్కు మీద పలచని తుప్పు వస్తుంది, ఇంటి ముందు నుంచి వీధి చివరికి వెళ్లేలోపే ప్యాడ్లు గీకేస్తాయి. డిస్కు ఇనుము కాబట్టి దానికి ఎవరూ ఏమీ చేయలేరు, వాటర్ వాష్ చేయించిన వెంటనే బండి ఒకసారి తోలి పెట్టండి చాలు.

టైర్ల మాట చెప్పకపోతే ఈ రివ్యూ అబద్ధం అవుతుంది. 165/80 ఆర్14 సైజు, నాలుగేళ్ల పాతవి ఉన్నాయి మా బండికి, రబ్బరు గట్టిపడింది. తడి రోడ్డు మీద ఇప్పుడు బ్రేకు కన్నా ముందు టైరే జారుతోంది. పదిహేను వేలు చేతిలో ఉండి ఒకటే పని చేయించగలిగితే, టైర్లు ఐదారేళ్లవి అయితే ముందు వాటికే పెట్టండి, రెండో విడత డిస్కులు ఆగొచ్చు. డిస్కుల్లో అదురు లేకపోతే, మందం ఉంటే, డిస్కులకి అసలు డబ్బు పెట్టకండి. డ్రమ్ములు, ఆయిల్, స్లైడ్ పిన్నులు చేయించి, మంచి ప్యాడ్లు వేయించి, బండి ఎలా ఉందో చూసుకోండి.

వెళ్లేవాళ్లకి ఇంకో రెండు ముక్కలు. ఆటోనగర్‌లో ఆదివారం చాలా షెడ్లు మూసి ఉంటాయి, వారం మధ్యలో పొద్దున్నే వెళ్లండి. సామాను మీరే తెచ్చి ఇస్తే మేస్త్రీలు మొహం మాడ్చుకుంటారు, లేబరు కొంచెం ఎక్కువ అడుగుతారు, ఇవ్వండి, డూప్లికేట్ భయం ఉండదు. పాత డిస్కులు అక్కడే వదిలేయకుండా తూకానికి అమ్ముకోవచ్చు, మేస్త్రి నాకు ఇచ్చేశాడు గానీ నేను కుర్రాడికి ఇచ్చేశాను. వెనక ఎడమ వీల్ సిలిండర్ (డ్రమ్ములో షూలని నెట్టేది) దగ్గర కొంచెం తడి కనపడిందని, ఇంకో మూడు నెలల్లో రమ్మన్నాడు. సిలిండరు ఖరీదు తక్కువే, దాంతో పాటు వెనక షూలు కూడా మార్చేస్తే మళ్లీ డ్రమ్ములు విప్పే పని ఉండదు, అప్పటికి టార్క్ రెంచ్ కొనమని కూడా చెప్పి వచ్చాను.